మా మామ చెప్పని మాట

పోయిన నెలలో మా వీధి మొదట్లో కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో మా మామ నవ్వుతున్నాడు. బతికుండగా ఆయన అంత బాగా నవ్వడం నేనైతే చూడలేదు. వెనక నల్లటి ఆకాశం, చుట్టూ నక్షత్రాలు, ఒక పక్క శనిగ్రహం, ఇంకో పక్క ఏ కారణం చేతనో ఒక రాకెట్టు. కింద పెద్ద అక్షరాలతో 'గ్రహణాల మూఢనమ్మకాలను పారదోలిన మహనీయుడు' అని రాసి, దానికింద ఆయన పాత శిష్యులు తమ ఫొటోలు ఆయన ఫొటో కంటే ఎక్కువ చోటులో వేసుకున్నారు. కూరగాయలకు పోవాలంటే దాని కిందుగానే నడవాలి. మొదటి రోజు ఆగి చదివాను. రెండో రోజు నుంచి రోడ్డుకు అవతలి పక్కగా పోతున్నాను. ఆ శిష్యుల్లోనే ఇద్దరు మొన్న ఇంటికి వచ్చారు. ఒకాయనకు నంద్యాల బజారులో విత్తనాల షాపు, ఇంకొకాయన కాలేజీ లెక్చరరు. మామ పేరు మీద సంచిక వేస్తున్నారట, నేను కూడా రాయాలట. "మామ గురించి కోడలు రాస్తే ఆ అందమే వేరు కదమ్మా, నాలుగు మంచి మాటలు రాసీ" అన్నాడు విత్తనాల షాపాయన. మంచి మాటలన్నీ మీరు స్తంభానికి కట్టేసినారు కదన్నా, ఇంక నాకేం మిగిల్చినారని అడిగాను. నేను పరాచికాలాడుతున్నానని వాళ్ళు నవ్వి, కాఫీ తాగి వెళ్ళారు. సరే, అడిగారు కాబట్టి రాస్తున్నాను. అచ్చు వేస్తారో పొయ్యిలో వేస్తారో వాళ్ళ ఇష్టం.

ముందు ఆయనకు ఇవ్వాల్సింది ఇచ్చేస్తాను, తరవాత నా నోటికి అడ్డం ఉండదు. నాకు ఆకాశం చూపించింది మా మామే. మాది ఆళ్ళగడ్డ. మా నాయన విగ్రహాలు చెక్కేవాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని నిండా తల ఇంకా బయటపడని వినాయకులు, కళ్ళు తెరవని అమ్మవార్లు. తెల్లవారింది మొదలు ఉలి చప్పుడు. జడలో రాతి పొడి, దుప్పట్లో రాతి పొడి, అన్నంలో పళ్ళ కింద పలుకు తగిలితే అది బియ్యంలో వచ్చిందా నాయన చేతి మీద వచ్చిందా అని అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఒక పొద్దు నంద్యాల బస్సు దిగి ఒక హైస్కూలు సైన్సు మాస్టరు మా షెడ్డులోకి వచ్చాడు. చేతిలో మడతలు పడిన కాగితం, దాని మీద ఒక రాతి దిమ్మె బొమ్మ. దిమ్మె నిలువుగానే ఉంది గానీ పైభాగం ఒక పక్కకు వాలుగా కోసి ఉంది. మా నాయన ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏందప్పా ఇది, వంకరుండాదే. వంకర పీట మింద ఏ దేవుడు నిలబడతాడు?"

"దేవునికి కాదప్పా, టెలిస్కోపుకు. ఆ వాలుంటేనే చుక్క యాడికి పోతే అది ఆడికి తిరుగుతాది."

"చుక్కలకు పీట చేపిచ్చుకునేటోన్ని నిన్నే చూస్తాండా" అన్నాడు నాయన. రాళ్ళకు నీళ్ళు చల్లుతున్న నేను ఊరుకోవచ్చు కదా. ఆ వాలు మా ఆళ్ళగడ్డలో పెట్టినా అంతే ఉంటుందా, నంద్యాలలో పెడితే మారుతుందా అని అడిగాను. ఆ మాస్టరు అప్పటిదాకా నా వైపు చూడనే లేదు, అప్పుడు చూశాడు. "రవ్వంత మారుతాది బిడ్డా. ఉత్తరానికి పోయేకొద్దీ వాలు పెరుగుతాది. నీకెట్ల తోచిందమ్మా ఆ మాట?" అన్నాడు. ఎట్లా తోచిందో నాకేం తెలుసు. ఆ తరవాత ఒక రాతి దిమ్మె కోసం ఎన్నిసార్లు రావాలో అంతకంటే ఎక్కువసార్లు వచ్చాడు, ఆఖరుసారి కొడుక్కి నన్ను అడగడానికి భార్యను వెంటబెట్టుకుని పళ్ళు పూలు తెచ్చాడు. మా వాళ్ళే, అన్నీ కుదిరాయి. పీట కోసం వచ్చి పిల్లను ఎత్తుకుపోయినాడని మా ఆళ్ళగడ్డలో చాలా రోజులు చెప్పుకున్నారు. నేను సంతోషంగానే పోయాను. దాచుకునేదేముంది, పెళ్ళికొడుకు ముఖం కంటే ఆ టెలిస్కోపులో ఏముందో చూడాలన్న ఆత్రమే నాకు ఎక్కువగా ఉండేది.

పెళ్ళికొడుకు మంచివాడే. శ్రీశైలం పవర్‌హౌసులో ఉద్యోగం, వారానికొకసారి వచ్చేవాడు. ఆయన దృష్టిలో ఆకాశమంటే పైనుంచి డ్యాముకు నీళ్ళు పంపే ఆఫీసు, మబ్బు లేని ఆకాశంతో ఆయనకు పని లేదు. అందుకని మామకు చేతికింద మనిషిని నేనే అయ్యాను. ఆ టెలిస్కోపు అద్దాన్ని ఆయనే స్వయంగా అరగదీసుకున్నాడు, మా నాయన విగ్రహాలకు నునుపు పెట్టే పొడిలాంటి పొడితోనే. పెరట్లో రాతి దిమ్మె మీద ఒక ఏర్పాటు, బళ్ళకు తీసుకుపోవడానికి కొయ్యతో మూడు కాళ్ళ ఏర్పాటు ఇంకొకటి. ఆత్మకూరు, మహానంది, మా ఆళ్ళగడ్డ, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయేవాళ్ళం. పగలు సూర్యుణ్ణి చూపించేటప్పుడు ఎవరినీ కన్ను పెట్టనిచ్చేవాడు కాదు. పక్కన తెల్ల అట్ట పట్టుకుంటే దాని మీద సూర్యుడు చపాతీ అంత గుండ్రంగా పడేవాడు, మచ్చలతో సహా. పొద్దు గూకాక చందమామ. వరసలో నిలబడి చూసిన ఒక ముసలామె "ఏందబ్బా, చందమామకు అమ్మవారు పోసినట్టుండాది" అని జాలిపడింది. నవ్వబోతే మామ కళ్ళతోనే నన్ను ఆపాడు. "నవ్వితే ఇంగ అడగరు. పిల్లోళ్ళకైనా ముసలోళ్ళకైనా ముందు గొట్టం చూపిచ్చు, అడిగినాక జవాబు చెప్పు" అనేవాడు. ఇంత మంచి మాట నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు.

ఆయనకు పేరు తెచ్చింది మాత్రం గ్రహణాలు. గ్రహణం పట్టిందంటే నంద్యాలలో హోటళ్ళు మూతపడతాయి, గుడి తలుపులు మూతపడతాయి, పచ్చడి జాడీల మీదికి గరికపోచలు చేరతాయి. మామ ముందుగానే ఒక హోటలాయనతో మాట్లాడి పెద్ద గిన్నె నిండా ఉగ్గాని, గంప నిండా మిరపకాయ బజ్జీలు చేయించి బడి గ్రౌండులో పెట్టేవాడు. సరిగ్గా గ్రహణం నడిచేటప్పుడు అందరి ముందూ తానే మొదటి బజ్జీ తినేవాడు. "చూడండి, నాకేమైనా అయిందా?" అని అడిగేవాడు. బజ్జీ తిన్నవాళ్ళకు సైన్సులో మార్కులు వేస్తాడని కూడా ఒక పుకారు ఉండేది, ఆ పుకారుతోనే చాలామంది శాస్త్రీయ దృక్పథం అలవరచుకున్నారు. ఇంటికి వచ్చేసరికి గడప దగ్గర మా అత్త బిందెతో నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉండేది. విడుపు స్నానం చేయనిదే లోపల అడుగు పెట్టనివ్వదు. మహనీయుడు నోరెత్తకుండా తలకు పోసుకుని లోపలికి వచ్చేవాడు. ఊరికి బజ్జీ, ఇంటికి బిందె. మొదట్లో నాకది ముచ్చటగానే ఉండేది. "ఇంట్లో పోరు పెట్టుకుంటే బయట పని జరగదులేమ్మా" అని నాతో మెల్లగా అనేవాడు. ఆ మాట వినగానే నేను జాగ్రత్త పడి ఉండాల్సింది. ఇంట్లో చెప్పలేనిది ఊళ్ళో చెప్పేవాడికి ఊరు చప్పట్లు కొడుతుంది, ఇంట్లోవాళ్ళు అనుభవిస్తారు.

నాకు ఆరో నెల నడుస్తుండగా పట్టపగలే పెద్ద సూర్యగ్రహణం వచ్చింది. సూర్యుడిలో చాలా భాగం మూసుకుపోతుందని మామ వారాల తరబడి ఊరంతా చెప్పాడు. సూర్యుడి బొమ్మ లోపల పడేలా అట్టపెట్టెలకు సూదితో బెజ్జాలు పొడిచింది నేను. ఏ వేళకు ఎంత మూసుకుంటుందో బొమ్మలు గీసి గోడకు అంటించింది నేను. కడుపుతో గ్రౌండుకు ఎట్లా వస్తావని ఎవరో అడిగితే, "నా కోడలికి కుర్చీ వేపిస్తా, అందరికంటే ముందు వరసలో కూసుంటాది" అన్నాడు మామ. అందరి ముందే అన్నాడు. ఆ పొద్దు నేను చీర మార్చుకుని వాకిట్లోకి వచ్చేసరికి అత్త గడపకు అడ్డంగా కూర్చుని ఏడుస్తోంది. అత్త గయ్యాళి కాదు. ఆమె చిన్నాయన కొడుకు ఒకడు గ్రహణం మొర్రితో పుట్టి, మాట సరిగా తిరగక, నలుగురిలోకి రాక, ఒంటిగానే చచ్చిపోయాడు. ఆమె చెప్పేదల్లా వాడి పేరే. "నన్ను దాటుకొని పో, నీ బిడ్డ మొగం రేపు నేను చూడలేను" అంది. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు చేరారు. నేను మామ వైపు చూశాను. ఆయన సంచిలో అద్దాలు సర్దుకుంటున్నాడు. సర్దిందే సర్దుతున్నాడు. ఆఖరికి తల ఎత్తకుండానే, "ఒక్క పూట లేమ్మా, పండుకో" అన్నాడు. నేను లోపలి గదిలోకి పోయాను. అత్త నా వెనకే వచ్చింది. ఇంకెవరూ రాకుండా తలుపు లాగి బయట నుంచి గొళ్ళెం వేసింది మామే. ఆ చప్పుడు అయ్యాక ఆయన చెప్పులు వాకిలి దాటి గ్రౌండు వైపు పోయాయి. బజ్జీలు చల్లారిపోతాయి కదా పాపం.

మాది పాత మిద్దె ఇల్లు. అట్లాంటి ఇళ్ళకు వెలుతురు కోసం పైకప్పులో ఒక కంత వదులుతారు, గవాక్షి అంటాం. గ్రహణం వెలుగు పడకూడదని అత్త ముందురోజే దాని మీద నూనె డబ్బా కోసిన రేకు ఒకటి మూయించింది. గది చీకటైపోయింది. నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కదలొద్దు, గోకొద్దు, గోరు కూడా గిల్లొద్దు అని చెప్పి పక్కనే కూర్చుని ఏదో జపం మొదలుపెట్టింది. నేను కోపంతో ఉడికిపోతూ పైకి చూస్తున్నాను. ఆ రేకుకు ఒక చోట తుప్పు తిని బెజ్జం పడింది. దానిలోంచి సన్నటి వెలుగు ఏటవాలుగా దిగి నేల మీద రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దగా, గుండ్రంగా పడుతోంది. నాకు ముందు అర్థం కాలేదు. కాసేపటికి ఆ గుండ్రానికి ఒక పక్క ఎలుక కొరికినట్టు సొట్ట పడింది. నేను అట్టపెట్టెలకు పొడిచిన బెజ్జం చేసే పనే ఆ తుప్పు బెజ్జమూ చేస్తోంది. నన్ను దాచిపెట్టిన గదే పెద్ద అట్టపెట్టె అయిపోయింది. సూర్యుడు నేల మీదే తరిగిపోతున్నాడు. కోపం మరిచిపోయి అత్తను పిలిచాను. ఆమె చూసింది, చూసి కెవ్వుమంది. పొద్దు జరిగేకొద్దీ ఆ వెలుగు మెల్లమెల్లగా నేల మీద పాకుతూ నా చాప వైపే వస్తోంది. అత్త కొంగు తీసి నా కడుపు మీద కప్పింది. అది చాలదనుకుందేమో, వెలుగు కడుపు దగ్గరికి వచ్చేసరికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. అప్పటికి కొడవలిలా మిగిలిన సూర్యుడు పోయి ఆమె అరచేతిలో పడ్డాడు. భయంతో చెయ్యి లాగేసుకుంటుందనుకున్నాను. లాగలేదు. జపం ఆగిపోయింది. చేతిని కొంచెం కొంచెం జరుపుతూ, నా మీద పడనివ్వకుండా, ఆ కొడవలి మళ్ళీ లావెక్కేదాకా ఇద్దరం నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాం. సాయంత్రం మామ తలకు పోసుకుని లోపలికి వచ్చి, "నువ్వు చూల్లేకపోతివి కదమ్మా" అని బాధపడ్డాడు. చూశానని నేను చెప్పలేదు. ఆయనకు అది తెలుసుకునే అర్హత లేదనిపించింది. అత్త కూడా చెప్పలేదు.

ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది.

తరవాత ఏం జరిగిందో నేను చెప్పనక్కర్లేదు. గ్రహణాలు చూపించే ఆయన ఇంట్లోనే గ్రహణం మొర్రి పుట్టిందన్న మాట నంద్యాల దాటి ఆత్మకూరు దాకా పోయింది. నేను కదిలి ఉంటానని కొందరు, కిటికీ తీసి చూసి ఉంటానని కొందరు. పరామర్శకని వచ్చి ఉగ్గుగిన్నెతో పాలు పోస్తున్న నా చేతుల వైపు, బిడ్డ మూతి వైపు, మళ్ళీ నా చేతుల వైపు చూసిపోయేవాళ్ళు. వాళ్ళందరికీ అత్త ఒకటే జవాబు చెప్పేది, "నేను పక్కనే కూసుంటి. ఇది కదల్లే. ఇంగేమన్నా మాట్లాడాల్నంటే లేసి పోండి." వాళ్ళు పోయాక మాత్రం నా దగ్గరికి వచ్చి తన అరచెయ్యి చూసుకుంటూ, "నా చెయ్యి చాల్లేదేమో మ్మే, యాడో సందులో పడినట్టుండాది" అని కళ్ళు తుడుచుకునేది. ఆ రోజుల్లో మామ ఏం చేశాడనుకున్నారు? టెలిస్కోపుకు గుడ్డ చుట్టి అటక ఎక్కించాడు. బళ్ళ నుంచి పిలుపులు వస్తే ఒంట్లో బాగాలేదన్నాడు. "ఇంగ ఏం మొగం పెట్టుకొని చెప్పేదిమ్మా" అని నాతోనే అన్నాడు. బిడ్డ మొగం గురించి ఊరు మాట్లాడుతుంటే ఆయనకు తన మొగం గుర్తొచ్చింది.

బిడ్డకు కొన్ని నెలలు వచ్చాక పెద్ద ఊళ్ళో ఆపరేషన్ చేయించాం. డాక్టరు నిదానస్తుడు. గ్రహణం సంగతి నేను అడక్కముందే అడిగాడు, ఎప్పుడు పట్టింది, నీకెన్నో నెల అని. ఆరో నెల అన్నాను. పెదవి కలవాల్సింది రెండో నెల దాటకముందేనమ్మా, అప్పుడు కలవలేదు, ఎందుకు కలవలేదో ఒక్కోసారి మాకూ తెలియదు, గ్రహణం వచ్చేసరికి ఈ చీలిక ఎప్పటినుంచో ఉంది అన్నాడు. అంతే. అంత చిన్న మాట. ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె తన అరచెయ్యి తిప్పి చూసుకుని, "ఐతే నా చేతి తప్పు లేదంటావా" అని బావురుమంది. ఆ పూటతో ఆమెకు అర్థమైపోయింది. మామకు కూడా చెప్పాను. ఆయనకు నేను చెప్పాలా, సైన్సు మాస్టరు. తెలుసని తల ఊపాడు. "తెలిస్తే చెప్పు మామా. బళ్ళో చెప్పు, మైకులో చెప్పు. తలుపేసి పండబెట్టినా వచ్చింది, గ్రహణానికి ముందే వచ్చింది అని చెప్పు. ఇంతకంటే మంచి పాఠం నీకు యాడ దొరుకుతాది?" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "నా మనవరాలి మూతి చూపిచ్చి పాఠం చెప్పాల్నా నేను?" అన్నాడు. మాట బాగానే ఉంది. వినేవాళ్ళకు ఎంతో ప్రేమగా వినపడుతుంది. కానీ ఆయన దాచుతున్నది పిల్లను కాదు. తలుపుకు గొళ్ళెం వేసిన సంగతి చెప్పకుండా ఆ పాఠం చెప్పడం కుదరదు, అదీ ఆయన బాధ.

ఏడాది దాటాక ఆళ్ళగడ్డ బడి నుంచి పిలుపు వచ్చింది. మామ ఎప్పట్లాగే ఒంట్లో బాగాలేదన్నాడు. నేను అటక మీద నుంచి టెలిస్కోపు దించి, బిడ్డను చంకనేసుకుని బస్సెక్కాను. కండక్టరు ఆ గొట్టాన్ని చూసి "ఇదేందమ్మా, ఫిరంగా? దీనికి టిక్కెట్టు కొట్టాల్నా?" అని బస్సంతా నవ్వించాడు. బడి గ్రౌండులో అట్ట మీద సూర్యుణ్ణి చూపిస్తుంటే పిల్లలు ఎగబడి చూశారు. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు మాత్రం అట్టను చూడలేదు, నా బిడ్డ పెదవి మీది కుట్ల గీతను చూశారు. "గ్రహణంలో బయటికొచ్చినావా మ్మే?" అని అడిగింది ఒకామె. నేను దాచలేదు. మొత్తం చెప్పాను. గది, గొళ్ళెం, ఆరో నెల, రెండో నెల, డాక్టరు. అంతా విని ఆమె, "ఐతే కదిలింటావులే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, గొంతు పెంచి చెప్పాను. జనంలో ఒక గర్భిణి ముందుకు వచ్చి వింటోంది. ఆమె అత్త ఆమె చెయ్యి పట్టుకుని నా బిడ్డ కంటపడకుండా పక్కకు లాక్కుపోయింది. నేను చెప్పిన మాట ఆ పూట ఎవరి చెవికీ ఎక్కలేదు. సాయంత్రం షెడ్డులో కూర్చుని ఏడుస్తుంటే నాయన ఉలి పక్కన పెట్టి, "రాయిలో చీలిక ముందే ఉంటాది బిడ్డా. ఉలి తగిలినపొద్దు కనపడతాది, ఉలిని తిడతారు" అన్నాడు. నా బిడ్డ రాయి కాదు నాయనా అని ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను. ఆ రోజు ఎవరు ఏం చెప్పినా కొట్టేటట్టే ఉన్నాను.

నంద్యాల చేరేసరికి వార్త నాకంటే ముందే చేరింది. "ఊరూరా తిప్పి చూపిచ్చుకుంటాండావా పిల్లను?" అని మామ వాకిట్లోనే అరిచాడు. "నువ్వు చెప్పింటే నేను పోయిండను మామా" అన్నాను. మళ్ళీ చాలా ఏళ్ళ దాకా మా ఇద్దరి మధ్య అంత పెద్ద మాట రాలేదు. ఆ తరవాత కొన్నేళ్ళకు ఆయన మళ్ళీ బళ్ళకు పోవడం మొదలుపెట్టాడు, చందమామ, శని, గురుడు. గ్రహణాల జోలికి మాత్రం పోయేవాడు కాదు. ఒకే ఇంట్లో ఉన్నాం, ఆయనకు అన్నం నేనే వడ్డించాను, మందులు నేనే ఇచ్చాను. చుక్కల గురించి మాత్రం మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆయన మాట్లాడిందల్లా నా కూతురితోనే. పెరట్లో ఆ రాతి దిమ్మె పక్కన దాన్ని స్టూలు ఎక్కించి నిలబెట్టి, ముందు గొట్టం చూపించి, అడిగాక జవాబు చెప్పేవాడు. కిటికీలోంచి వింటూ ఉండేదాన్ని. నాకు చెప్పిన మాటలే. అసూయ కూడా పడ్డాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

పిల్లకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఇంకో సూర్యగ్రహణం వచ్చింది, ఈసారి ఉదయం పూట. శిష్యులందరూ కలిసి మామను బతిమాలి గ్రౌండుకు తీసుకొచ్చారు. ఉగ్గాని వచ్చింది, బజ్జీలు వచ్చాయి. వాకిట్లో బిందె పెట్టడం అత్త ఎప్పుడో మానేసింది, పొట్లం కట్టించుకుని రమ్మని చెప్పి పంపింది కూడా. సూర్యుడు సగం మూసుకున్న వేళ, మొన్న ఇంటికి వచ్చిన ఆ విత్తనాల షాపాయనే మైకు పట్టుకుని, "సార్, మీ మనవరాలు పుట్టినప్పుడు గ్రహణం మొర్రి అని అందరూ అనుకున్నారు. అది నిజమేనా సార్, సైన్సు ఏమంటుంది?" అని అడిగాడు. పాపం, మంచి మనసుతోనే అడిగాడు. ఆ ప్రశ్న కోసం నేను తొమ్మిదేళ్ళుగా కాచుకుని ఉన్నాను. నేనప్పుడు జనంలో వెనక ఉన్నాను. ఇప్పుడైనా చెప్పు మామా అని లోపల మొక్కుకున్నాను, దేవుళ్ళకు కూడా అంతగా మొక్కలేదు. మామ మైకు అందుకున్నాడు. తెల్ల అట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అది వేరే సంగతిలే. ముందు అందురూ లైనులో రాండి" అన్నాడు.

పక్కనే నిలబడ్డ నా కూతురు ఆయన చేతిలోని మైకును తన నోటి దాకా వంచుకుంది. "నాకు మా అమ్మ కడుపులో రెండో నెల్లోనే ఇట్లయింది. గ్రహణం ఆరో నెల్లో పట్టింది. ముందొచ్చింది ఏదో మీరే చెప్పండి" అంది. అది చిన్నప్పటి నుంచి నా నోట జోలపాటలాగా విన్న లెక్కే. ముందు వరసలోవాళ్ళు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నారు. తరవాత ఒక గర్భిణి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి ఉన్నామె, నవ్వింది. చప్పట్లు మొదలయ్యాయి. మామ పిల్ల తల మీద చెయ్యి వేశాడు, ఎవరో ఫొటో తీశారు. తాత నేర్పిన పాఠమని అందరూ మెచ్చుకున్నారు. తాత ఒక్కసారి కూడా నేర్పని పాఠం అది. ఇంటికి వస్తూ ఆయన తడి కళ్ళతో, "నా బదులు నా మనవరాలు చెప్పిందిలేమ్మా" అన్నాడు. మెచ్చుకుంటాననుకున్నాడేమో. "నీ బదులు అది ఎందుకు చెప్పాల మామా? తొమ్మిదేండ్ల పిల్ల, తన మూతి గురించి తానే మైకులో చెప్పుకోవాల్నా?" అన్నాను. ఆ తరవాత కూడా కొన్నేళ్ళు ఉన్నాడు. రోజూ సాయంత్రం మంచం పక్కన కూర్చుని మందులు ఇస్తూ, ఇవాళ అంటాడేమో అని చూసేదాన్ని. ఊరంతటికీ చెప్పక్కర్లేదు, నాకొక్కదానికి చెప్పినా సరిపోయేది, ఆ పొద్దు గొళ్ళెం వేయకుండా ఉండాల్సింది అని. అనలేదు. పోయిన వానాకాలంలో పోయాడు.

నా కూతురిప్పుడు ఇంటర్ చదువుతోంది, ఫిజిక్సు తప్ప ఇంకేమీ చదవనని చెప్పేసింది. సెలవు వస్తే టెలిస్కోపు భుజాన వేసుకుని బళ్ళకు పోతుంది. పిల్లలు మొహమాటం లేకుండా "అక్కా, నీ మూతికేమైంది?" అని అడుగుతారట, అక్కడి నుంచే పాఠం మొదలుపెడుతుందట. నేను రాసిన ఈ కాగితాలు నిన్న చదివింది. "తాతను ఇంత తిడతావా అమ్మా? నాకు శనిగ్రహం చూపిచ్చింది తాతే కదా" అంది. నాకూ ఆయనే చూపించాడు, అందుకే కదే ఇంత కోపం అన్నాను. వేరే ఎవరైనా గొళ్ళెం వేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. అన్నిటినీ కాలమే మాన్పుతుందంటారు మా వాళ్ళు. నా బిడ్డ పెదవిని మాన్పింది డాక్టరు సూది. మిగిలినదాన్ని కాలానికే వదిలి ఇన్నేళ్ళు చూశాను. ఆ కాలం మా వాకిట్లోంచే వచ్చింది, పోయింది, ఆగి ఒక్క కుట్టయినా వేయలేదు.